47వ నంబరు పెట్టె

మొన్న సంక్రాంతి వెళ్ళాక పల్లెలోని మా పాత ఇంటిని విప్పించే పని మొదలుపెట్టిన తమ్ముడు ఒక సాయంత్రం ఫోను చేసి, "అన్నయ్యా, అటక మీద మీ ట్రంకు పెట్టె ఉంది. పాతసామాన్లవాడు రెండు వందలిస్తానంటున్నాడు, ఇచ్చేయమంటారా?" అని అడిగాడు. ఇవ్వవద్దని చెప్పి మరునాడే బయలుదేరాను. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు నన్ను "మీరు" అనడం వినేవాళ్ళకు వింతగా ఉంటుంది. ఆ పిలుపూ ఈ పెట్టే ఒకే వేసవిలో మా ఇంట్లోకి వచ్చాయి.

మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమన్నది. ఉండలు ఎన్నడో హరించిపోయాయి గాని, వాసన మాత్రం రేకును పట్టుకుని ఉండిపోయింది. ఆకుపచ్చ రంగు వేసిన ఆ రేకు మీద, తాళం కొండీకి పైన, తెల్లరంగుతో రాయించిన 47 అనే అంకెలో ఏడు పూర్తిగా రాలిపోయి నాలుగు మాత్రం మిగిలింది. లోపల ఒక తువ్వాలు, ఒక చిన్న కొయ్య సిలువ, రెండు పూసలు పోయిన జపమాల, అడుగున పరిచిన పాత వార్తాపత్రిక. తువ్వాలు మూలన ఎర్రదారంతో కుట్టిన 47 చెక్కుచెదరలేదు. ఆ కుట్టు మా అమ్మది.

మాది పల్నాడు. రెంటచింతలకు దగ్గరలోని పల్లె. వేసవి వచ్చిందంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి ప్రాంతీయ వార్తల చివర, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత నమోదైన చోటుగా రెంటచింతల పేరు వినిపించని రోజు అరుదు. 45 డిగ్రీలు దాటిందని చెప్పిన రోజున మా నాన్న, అదేదో మా సీమకు వచ్చిన బహుమతి అయినట్టు, రేడియో గొంతు పెంచేవాడు. భూమిని జానెడు తవ్వితే నాపరాయి తగిలే ఊరు కనుక ఇళ్ళలో నేల అంతా నాపరాళ్ళే, దొడ్డిగోడలు కూడా నిలువునా పాతిన నాపబండలే. పొద్దు కుంకిన తరువాత రెండు మూడు గంటల దాకా ఆ బండలు వేడిని కక్కుతూనే ఉండేవి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత మా వైపు పత్తి, మిరప, వరి వచ్చి చేతిలో నాలుగు డబ్బులాడాయి గాని, ఎండాకాలం కాలువ కట్టేస్తారు కనుక ఏప్రిల్, మే నెలలలో ఊరు మళ్ళీ కాలువ రాకముందటి ఊరే అయిపోయేది. బావి దగ్గర కడవల వరుస, గిలక కిర్రుమనే చప్పుడు, పది గంటలకల్లా మూతపడే తలుపులు, నాలుగు దాటాక వాకిట్లో కళ్ళాపి జల్లితే లేచే మట్టివాసన.

గుంటూరు సీమలోనూ పల్నాడులోనూ కతోలిక రెడ్ల ఊళ్ళు చాలా ఉన్నాయి. 18వ శతాబ్దంలో జెస్విట్ సభ గురువుల (ఫాదర్ల) చేత రాయలసీమలో జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు, కరువులకూ కల్లోలాలకూ ఇల్లూ వాకిలీ వదిలి తూర్పుకు నడిచి వచ్చి ఈ ఊళ్ళలో స్థిరపడ్డాయి. 1773లో రోములో పోపుగారు జెస్విట్ సభనే రద్దు చేసిన తరువాత, గురువు ముఖం చూడడానికి ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసి వచ్చిన రోజులలో, పిల్లలకు జపాలు నేర్పిందీ చచ్చినవాళ్ళకు మట్టి చేసిందీ గురువు లేని చోట జపాలు నడిపే ఊరి మనుషులైన ఉపదేశులేనని మా తాతయ్య చెప్పేవాడు. తరువాతి కాలంలో మిల్ హిల్ సభ గురువులు వచ్చారు, ఫిరంగిపురం వంటి చోట్ల పెద్ద పెద్ద గుళ్ళు లేచాయి. మా పేర్లలోనే ఈ చరిత్ర అంతా ఉంటుంది. పేతురు మా ఊళ్ళో రాయప్ప అయ్యాడు, పౌలు చిన్నప్ప అయ్యాడు, ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు, జేవియర్ శౌరి అయ్యాడు. వాటి చివర రెడ్డి తగిలిస్తే పేరు పూర్తయ్యేది. జ్ఞానస్నానపు నీళ్ళు తోక జోలికి పోలేదు.

నాకు దైవపిలుపు ఎలా వచ్చిందని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర గొప్ప కథ ఏమీ లేదు. ఎనిమిదో ఏట నుంచి పూజలో పీఠం దగ్గర సాయం చేసేవాణ్ణి. సాంబ్రాణి వాసన ఇష్టం. మా విచారణ గురువులు, అంటే మా చుట్టుపక్కల ఊళ్ళ గుళ్ళు చూసే ఫాదరు, నడిపే బుల్లెట్టు మోటారు సైకిలు అంతకంటే ఇష్టం. పొలిమేర దగ్గర దాని మోత వినిపిస్తే ఊరు ఊరంతా సర్దుకుని నిలబడడం చూసి, మనిషి అంటే అలా రావాలి అనుకునేవాణ్ణి. ఇంటర్మీడియెట్ చివరి సంవత్సరంలో ఒకసారి, గురువు దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం తరువాత, నేను కూడా ఫాదరు చదువుకు పోతానని ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు, పొగడలేదు, మీ నాన్నను రేపు వచ్చి నన్ను చూడమను అన్నారు. నాన్న వెళ్ళాడు, వచ్చాడు, ఆ రాత్రి గొడ్లకు చొప్ప వేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

పరీక్షలు అయిన వారానికి, ఫాదరు చదువు చెప్పే సెమినరీ నుంచి ఉత్తరం వచ్చింది. జ్ఞానస్నాన పత్రం, తల్లిదండ్రుల వివాహం గుడిలో జరిగినట్టు పత్రం, విచారణ గురువుల లేఖ, డాక్టరు సర్టిఫికెట్టు. వాటి కింద తెచ్చుకోవలసిన వస్తువుల పట్టిక: తెల్లచొక్కాలు, లుంగీలు, బనీన్లు, తువ్వాళ్ళు, దుప్పటి, దోమతెర, కంచం, గ్లాసు, బకెట్టు, తాళం ఉన్న పెట్టె. అన్నిటికంటే కింద, అడ్డగీత గీసి, నీ నంబరు 47, ప్రతి వస్త్రం మీదా ఈ నంబరు ఉండవలెను అని ఉంది. చాకలికి వేసిన గుడ్డలు కలిసిపోకుండా ఆ ఏర్పాటు.

అమ్మ చదువుకోలేదు. నేను పెన్సిలుతో గుడ్డ మూలన అంకె వేసి ఇస్తే, ఆవిడ దాని మీదుగా ఎర్రదారంతో గొలుసుకుట్టు కుట్టేది. మధ్యాహ్నాలు తలుపులు మూసి, నడవలో తడిపిన గోనెపట్టా వేలాడదీసి, పైకప్పు గాజుబిళ్ళలోంచి పడే చారెడు వెలుతురులో కూర్చుని కుట్టేది. ఎండ కదులుతున్నకొద్దీ తనూ చాపతో సహా జరిగేది. నాలుగుకు ముందు వాలుగీత, తరువాత అడ్డగీత, సూదిని తిప్పి నిలువుగీత. ప్రతి అంకె చివరా దారాన్ని పళ్ళతో కొరికి, ముడిని గోటితో నొక్కి చూసుకునేది. ఇరవై ఎనిమిది గుడ్డలు. చివరి రోజులలో చెయ్యి అలవాటు పడింది కదా అని పెన్సిలు గుర్తు లేకుండానే ఒక బనీనుకు కుట్టింది, అది 74 అయింది. ఎవరూ చూసుకోలేదు. సెమినరీలో ఆ బనీను మొదటి వారమే 74వ నంబరు కుర్రవాడికి చేరింది, అతను ప్రకాశం జిల్లావాడు, నాకంటే లావు. తిరిగి ఇచ్చేటప్పటికి అది ఎవరికీ సరిపోని ఆకారానికి వచ్చింది.

ఉత్తరం వచ్చిన సంగతి ఊరంతా పాకిన మూడో రోజునో నాలుగో రోజునో, నేను బయటి నుంచి వచ్చి నులకమంచం మీద వాలగానే నాయనమ్మ గడప దగ్గర నిలబడి, "మజ్జిగ తాగుతారా?" అని అడిగింది. నా వెనక ఎవరో వచ్చారనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నన్నే అడిగింది. అంతకు ముందు వారం ఇదే నాయనమ్మ, చెప్పులతో నడవలోకి వచ్చానని చీపురుకట్ట విసిరింది. అలా అనవద్దని బతిమాలితే, "నేనొక్కదాన్నే నువ్వంటే నలుగురూ ఏమనుకుంటారు, అలవాటు చేసుకోవాలి గదా" అన్నది. ఎవరు అలవాటు చేసుకోవాలో చెప్పలేదు.

తరువాత అది అంటువ్యాధిలాగా తిరిగింది. కిరాణా కొట్టతను, మంగలి, పొలంలో నాతో పాటు పత్తిమార పీకిన కూలీలు, చిన్నాన్నలు, పిన్నమ్మలు. నేను నడుస్తుంటే రచ్చబండ మీద చుట్ట కాలుస్తున్న ముసలివాళ్ళు చుట్ట దించేవారు. నాతో గోళీలాడిన వాళ్ళు నేను వెళ్ళేసరికి మాట మార్చేవారు. ఆ మాటలేమిటో నాకు తెలుసు, నిన్నటిదాకా నేనూ వాటిలో ఉన్నవాణ్ణే. తమ్ముణ్ణి కూర్చోబెట్టి నాయనమ్మ మరీ పాఠం చెప్పింది. పదేళ్ళవాడు, వారం రోజులు తప్పుతూ దిద్దుకుంటూ నేర్చుకున్నాడు, ఇప్పటికీ మరిచిపోలేదు. నాన్న మాత్రం రెండూ అనేవాడు కాదు. నాతో మాట్లాడవలసి వస్తే గొడ్లతోనో గోడతోనో మాట్లాడినట్టు, "రేపు గుంటూరు పోవాలి, పెట్టె కొనాలి" అనేవాడు. అమ్మ ఒక్కతే ఏమీ మార్చలేదు.

మా మేనమామ వచ్చిన రోజు గుర్తుంది. ఆయన కూతురిని నాకు చేసుకోవాలని ఇద్దరమూ ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకున్నారట. మేనరికం చేసుకోవాలంటే మాలో మేత్రాణులవారి (బిషప్పు) దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి, అయినా తెచ్చుకుని చేసుకునేవాళ్ళు ఉన్నారు, మా అమ్మానాన్నలే అందుకు సాక్ష్యం. మామయ్య వాకిట్లో కూర్చుని, గంప ముందు పెట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా తొమ్మిది రసాలు తిన్నాడు. టెంకలు వరుసగా అరుగు మీద పేర్చాడు. లేస్తూ, కండువాతో మూతి తుడుచుకుని, "దేవుడితో పోటీకి మేము నిలబడలేం లెండి" అన్నాడు. ఆ "లెండి" నాకు తొమ్మిది టెంకల కంటే గట్టిగా తగిలింది. మా మరదలు మాత్రం తలుపు వెనక నుంచి "ఫాదర్ గారూ, మామిడికాయ పచ్చడికి కూడా దీవెన పెట్టి పోండి" అని నవ్వింది. అప్పటిదాకా అది నన్ను "బావా" అనేది. నిజం చెప్పాలంటే, ఆ వేసవిలో నా మనసు ఊగిసలాడిందేమో అని ఎవరైనా అడిగితే, ఆ ఒక్క నవ్వు దగ్గర ఊగింది.

ఇక ఉపదేశి గారి సంగతి. ఇప్పుడు రాసేటప్పుడు గారు అని చేర్చడం సులువు. అప్పుడు మా ఇంట్లో ఆయన ఉపదేశి మాత్రమే. అరవై దాటిన మనిషి, మాలపల్లె నుంచి రోజూ మూడుసార్లు గుడికి వచ్చి త్రికాల జపానికి గంట కొట్టేవారు. మూడేసి దెబ్బలు మూడుసార్లు, మధ్యలో జపం చెప్పుకునేంత ఎడం, ఆపైన విడవకుండా మోత. ఊళ్ళో ఎవరైనా పోతే ఒక్కొక్క దెబ్బకూ మధ్య ఊపిరి బిగబట్టేంత ఎడం ఇచ్చి కొట్టేవారు. పొలంలో ఉన్నవాళ్ళం ఆ రెండో దెబ్బ కోసం ఆగేవాళ్ళం. విచారణ గురువులకు పన్నెండు ఊళ్ళు ఉండేవి కనుక, చాలా ఆదివారాలలో మా గుడిలో జపాలు నడిపించేది ఉపదేశి గారే. గుడిలో ఆయన మోకరిల్లమంటే మోకరిల్లేవాళ్ళం, లెమ్మంటే లేచేవాళ్ళం. గుడి మెట్లు దిగిన తరువాత ఆయన మా అరుగు దగ్గరికి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవారు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తోచలేదు.

"నిన్ను సృష్టించినవారెవరు?" "సర్వేశ్వరుడు." నాలుగేళ్ళ వయసులో ఆయన ముందు చేతులు కట్టుకుని ఈ జవాబు చెప్పాను. అప్పటినుంచి నేను ఆయనను "నువ్వు" అంటున్నాను, ఇంట్లో అందరూ అనేవారు కనుక. ఆయన నన్ను "ఏందబ్బాయా" అనేవారు. ఉత్తరం వచ్చిన తరువాత ఆయన కూడా మారిపోయారు. సెమినరీలో పనికొస్తుందని నాకు పాత లత్తీను జపాలు నేర్పడానికి మధ్యాహ్నాలు గుడి వెనక గదికి రమ్మన్నారు. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన మహాసభ తరువాత పూజ తెలుగులోకి వచ్చింది, పీఠం వైపు తిరిగి ఉండే గురువు మన వైపు తిరిగారు, అయినా ఈయనకు పాత జవాబులన్నీ కంఠస్థం. అర్థం తెలియదు. తెలుగు అక్షరాలలో రాసుకున్న ఒక నోటుపుస్తకం ఉండేది, ఎక్కడ దీర్ఘం తీయాలో ఎర్రసిరాతో గీతలు. మొదటి రోజున నేను గుమ్మంలోకి రాగానే ఆయన లేచి నిలబడి, "రండి స్వామీ, కూర్చోండి" అన్నారు.

గదిలో ఒకటే కుర్చీ. అది నాకు. ఆయన నేల మీద, నాపబండ చల్లగా ఉంటుందని చెప్పి, కూర్చున్నారు.

తెలుగులో క్రియ చివరికి వచ్చేసరికి ఎదుటి మనిషి ఎంతవాడని మనం అనుకుంటున్నామో బయటపడిపోతుంది. వచ్చావా అనాలి, లేదంటే వచ్చారా అనాలి, మధ్యలో దాక్కోవడానికి చోటు లేదంటారు. నేను ఒక చోటు కనిపెట్టి ఆ వేసవంతా అందులో దాక్కున్నాను. "భోజనం అయిందా?" "కళ్ళజోడు దొరికిందా?" "గంటకు వేళయిందా?" "దీని తరువాత ఏ జపం?" ఆయనను కర్తగా పెట్టవలసిన వాక్యం ఏదీ నా నోటి నుంచి రాలేదు. "నువ్వు" అనడానికి నోరు రావడం మానేసింది, "మీరు" అనడానికి ఇంకా రాలేదు. ఒకరోజు మా తాతయ్య కర్ర పొడుచుకుంటూ ఆ దారిన పోతూ, కిటికీలోంచి లత్తీను విని లోపలికి తొంగి చూశాడు. ఆయనకు ఆ భాష మీద పిచ్చి భక్తి, పూజ తెలుగైనప్పటి నుంచి దేవుడికి వినపడడం లేదని ఆయన అనుమానం. కుర్చీలో నన్నూ నేల మీద ఉపదేశి గారినీ చూసి, తృప్తిగా తల ఊపి, "సరిగ్గా చెప్పరా వాడికి, తప్పులు పోతే నీదే పూచీ" అని వెళ్ళిపోయాడు. ఉపదేశి గారు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. తరువాతి వాక్యం కొంచెం నెమ్మదిగా చదివారు, అంతే.

మే నెల దేవమాతది. ఆ నెలంతా రాత్రిళ్ళు మాత స్వరూపాన్ని ఇంటింటికీ తీసుకుపోయి జపమాల చెప్పేవాళ్ళం. మల్లెపూల వాసన, కిరసనాయిలు దీపాల మసి, చంటిపిల్లల ఏడుపు, యాభై మంగళవార్త జపాలు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి ఒక అలలాగా సాగడం. జపం అయ్యాక పంచదారో బెల్లం అటుకులో పంచేవారు. తమ్ముడు ప్రతి ఇంటికీ రావడానికి అదే కారణం.

ఆ నెలలోనే అమ్మ నన్ను గుణదల తీసుకువెళ్ళింది. అప్పటికింకా మీటరు గేజి అయిన మాచర్ల బండిలో గుంటూరు, అక్కడి నుంచి బెజవాడ. 1924లో ఇటలీ గురువు అర్లాటి గారు ఆ కొండ గుహలో మాత స్వరూపాన్ని నిలిపిన తరువాత గుణదల తెలుగు వాళ్ళందరిదీ అయింది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల పండుగకు మతంతో పనిలేకుండా లక్షల మంది వస్తారు, కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మేము వెళ్ళింది ఎండాకాలం కనుక కొండ ఖాళీగా ఉంది. మెట్ల మీద అరికాళ్ళు కాలి నేను గెంతుతూ ఎక్కాను, అమ్మ ఒక్కొక్క మెట్టూ ఆగి ఎక్కింది. గుహ ముందు చాలాసేపు ఉండిపోయింది. నా కోసం ప్రార్థిస్తున్నదనుకున్నాను. ఏమని అడిగితే, "నీకెందుకు, కొబ్బరికాయ పట్టుకో" అన్నది. ఆ జవాబు నాకు నాలుగేళ్ళ తరువాత తెలిసింది.

జూన్ మొదటి వారంలో ప్రయాణం. ముందు రోజు మా వాకిట్లో పందిరి వేసి ఊరికి భోజనం పెట్టారు. విచారణ గురువులు వచ్చారు, పెద్దలకు బల్లలు వేశారు, నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టారు. భోజనానికి ముందు జపం చెప్పడానికి ఉపదేశి గారు పందిరి మధ్యలో నిలబడ్డారు, అందరూ లేచి నిలబడ్డారు, ఆయన సిలువ గుర్తు వేసుకుంటే అందరూ వేసుకున్నారు. జపం ముగిసింది. మేము కూర్చున్నాము. ఆయన పందిరి దాటి, గడ్డివామి పక్కన పల్లె వాళ్ళకు పరిచిన విస్తళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళారు. ఆ నడక పాతికడుగులు ఉంటుంది. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నానని ఇక్కడ రాయగలిగితే బాగుండేది. కూర్చోలేదు. మామిడికాయ పప్పులో నెయ్యి వేస్తుంటే చాలని కూడా అనకుండా తిన్నాను. పక్కన కూర్చున్న గురువులు ఒకసారి అటు చూశారు, ఒకసారి నా వైపు చూశారు, మళ్ళీ తన విస్తరి వైపు చూసుకున్నారు.

మరునాడు తెల్లవారుజామున స్టేషనుకు పెట్టె మోసింది కూడా ఆయనే. బండి కట్టిస్తానని నాన్న అన్నా, ఎడ్లు ఎందుకు, నేనున్నాగా అన్నారట. చీకటిలో ముందు ఆయన, ఆయన తల మీద 47వ నంబరు పెట్టె, వెనక నేనూ నాన్నా. అమ్మ గుమ్మం దాటి రాలేదు. దారి పొడుగునా పెట్టె కొండీ టకటకమని కొట్టుకుంటూనే ఉంది. రైలు వచ్చాక పెట్టెను బల్ల కిందికి తోసి, కిందికి దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేశారు. నేను "వెళ్ళొస్తాను" అన్నాను. అందులో నువ్వూ లేదు, మీరూ లేదు. నాన్న కిటికీ చువ్వ పట్టుకుని, రైలు కదులుతుంటే మాత్రం, గోడతో కాకుండా నాతోనే, "ఉండబుద్ధి కాకపోతే రా. పొలం ఎక్కడికీ పోదు" అన్నాడు.

నాలుగేళ్ళు ఉండి వచ్చేశాను. ఎందుకు వచ్చానన్నది ఈ వేసవికి సంబంధించిన సంగతి కాదు. నాతో చేరినవాళ్ళలో కొందరు రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ ప్రాంతీయ గురువిద్యాలయంలో చదువు ముగించుకుని గురువులయ్యారు, మా పిల్లలకు జ్ఞానస్నానాలు ఇచ్చింది వాళ్ళే. నేను వచ్చిన వారానికి అమ్మ ఎవరికీ చెప్పకుండా గుణదల పోయి, గుండు చేయించుకుని, తల మీదికి కొంగు లాక్కుని ఇంట్లోకి వచ్చింది. "ఏం మొక్కావే?" అని నాన్న అడిగితే, "మొక్కింది వచ్చింది, ఇక ఊరుకో" అన్నది. మామయ్య మళ్ళీ రాలేదు, మరదలికి అప్పటికే పెళ్ళయింది. ఊరికి మాత్రం ఏం చేయాలో పాలుపోలేదు. ఇచ్చిన "మీరు" వెనక్కి తీసుకోవడం ఎలాగో ఎవరికీ తెలియదు కనుక, ఏ పనీ లేని ఇరవై రెండేళ్ళవాణ్ణి పట్టుకుని కొంతకాలం అలాగే మన్నించారు.

ఉపదేశి గారు అప్పటికి లేరు. నేను వెళ్ళిన రెండో ఏడు పోయారు. సెలవు అడిగితే రక్తసంబంధం కాదు కదా అన్నారు. ఆయనకు గంట ఎవరు కొట్టారని తమ్ముణ్ణి తరువాత అడిగాను, ఎవరో కుర్రవాళ్ళు కొట్టారు, ఎడం సరిగా రాలేదు అన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినలు అయి, దళితులలో ఆ స్థానానికి చేరిన మొదటివారయ్యారని టీవీలో చూపించినప్పుడు, మా ఊళ్ళోనూ టపాకాయలు కాల్చారు. గడ్డివామి ఉన్న చోట ఇప్పుడు సిమెంటు గోదాము ఉంది. కాల్చింది దాని ముందే.

పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రికను తీసి దులిపితే దాని కింద ఒక పోస్టుకార్డు ఉంది. సెమినరీకి వెళ్ళిన మొదటి నెలలో నేను ఆయనకు ఒక కార్డు రాశాను. కాగితం మీద భయం లేదు కనుక, "ఉపదేశి గారికి నమస్కారములు, మీరు నేర్పిన జపములు ఇక్కడ ఎవరికీ రావు, మీ ఆరోగ్యము ఎట్లున్నది" అని రాసినట్టు గుర్తు. ఇది దానికి ఆయన జవాబు. ఎర్రసిరా కాదు, పెన్సిలు. చాలాచోట్ల మాసిపోయింది, అయినా చదవవచ్చు.

"స్వామికి స్తోత్రములు. తమరి కార్డు చేరినది. తమరు నన్ను మీరు అని వ్రాసినారు. దానిని పీఠము వెనుక పెట్టితిని, ఎవరికీ చూపలేదు. ఈ మారు అట్లు వ్రాయవద్దు, కార్డు గనుక పోస్టు మనిషి చదువుచున్నాడు. గంట తాడు తెగినది. నులక పేని కట్టినాను, మోత మునుపటివలె లేదు. సర్వేశ్వరుడు తమరిని కాపాడునుగాక."

ఆయనకు మళ్ళీ విడిగా ఉత్తరం రాయలేదు. తమ్ముడు చదివి వినిపిస్తాడని అమ్మకు రాసే ఇన్లాండు కవరులో, చివర మూలన చోటు మిగిలితే, "ఉపదేశిని అడిగానని చెప్పు" అని రాసేవాణ్ణి.